మా బాస్ ముత్తాత చేసిన ఉద్యోగం

మా బాస్‌కి తన ముత్తాత ఇంజనీరని నమ్మకం. గోదావరి మీద పాత రైలు వంతెన కట్టింది ఆయనేనని ఇంకా గట్టి నమ్మకం. ముప్పై ఏళ్ళుగా కన్‌స్ట్రక్షన్‌లో ఉన్న మనిషికి వంతెన కట్టాలంటే ఎంతమంది చేతులు కావాలో ఒకరు చెప్పక్కర్లేదు. కానీ తన వంశం సంగతి వచ్చేసరికి మాత్రం ఆ నది మీద ఆయన ముత్తాత ఒక్కడే నిలబడి ఉండేవాడు.

ఆయన ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంవాడు. అరవై దాటాడు. దోహాలో దుఖాన్ రోడ్డు మీద మా సైటాఫీసులో ఆయనది పెద్ద గది, పక్కన గాజు తలుపు అవతల నాది చిన్న గది. నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. అంటే సైటుకి వచ్చే ప్రతి డ్రాయింగుకీ ఉత్తరానికీ సర్టిఫికెట్‌కీ నంబరు వేసి, ఏది కొత్తదో ఏది రద్దయిందో చూసి, అడిగిన నిమిషంలో తీసి ఇవ్వడం నా పని. ఆయన నన్ను పేరుతో పిలిచింది తక్కువ. 'మన రాజమండ్రి' అని పిలిచేవాడు. నేను ఆ ఊరిదాన్నని తెలిసిన రోజు నుంచీ నాలో మనిషి కనపడటం మానేసి నది కనపడటం మొదలైంది ఆయనకి.

ఒక రోజు లంచ్ ముందు పిలిచి కూర్చోమన్నాడు. అదే వింత, ఆయన ఎదురుగా ఎప్పుడూ నిలబడే మాట్లాడేవాళ్ళం. వేసవిలో వాళ్ళ బంధువులంతా ఇంగ్లండ్‌లో కలుస్తున్నారట, అప్పటికి కుటుంబ చరిత్ర ఒక పుస్తకంగా వేయించి అందరికీ పంచుతాడట. ఏదో వెబ్‌సైట్‌కి చందా కట్టాడుగానీ వెతికే ఓపిక లేదట. కాగితాలు వెతకడంలో నన్ను మించినవాళ్ళు లేరని ఆ ఒక్క రోజు మెచ్చుకున్నాడు. వాళ్ళ తాత చిన్నప్పుడు చెప్పేవాడట, "మా నాన్న ఇండియాలో ఇంజనీరు, పెద్ద నది మీద వంతెన కట్టాడు, అక్కడే పోయాడు" అని. ఆ నది గోదావరేనని ఇంట్లో అనుకునేవారట. మిగతాది నేను పట్టుకోవాలి.

మనవాళ్ళలో తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అనే రకాన్ని చాలామందిని చూశాను. తెల్లవాళ్ళలో కూడా ఉంటారని అప్పుడే తెలిసింది. లోపల నవ్వుకుంటూనే సరేనన్నాను. నా కాంట్రాక్టు ఇంకో నాలుగు నెలల్లో ముగుస్తుంది, దాన్ని పొడిగించే సంతకం ఆయనదే. ఇంత చిన్న కారణానికి వంగానని ఇప్పుడు చెప్పుకోవడం బాగోదుగానీ, కారణం అదే.

రోజూ మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా పక్కన పెట్టుకుని వెతికేదాన్ని. రాణీగారి కాలంలో ఇంగ్లండ్‌లో పదేళ్ళకోసారి ఇంటింటికీ వెళ్ళి జనాభా లెక్క రాసేవాళ్ళు. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎన్నేళ్ళు, ఏం పని చేస్తారు అని. ఆ పుస్తకాల పేజీలు ఫోటోలు తీసి పెట్టారు. ముందు బాస్ వాళ్ళ తాత పుట్టిన కాగితం పట్టుకున్నాను. దాన్లో తండ్రి పేరు, తల్లి పేరు ఉన్నాయి. అక్కణ్ణించి ఆ తల్లిదండ్రుల పెళ్ళి కాగితం. పెళ్ళికొడుకు సంతకం ఉండాల్సిన చోట వంకర ఇంటూ గుర్తు, పక్కన పాదిరీ చేతిరాతలో 'ఇది ఇతని గుర్తు' అని. పెళ్ళికూతురుదీ ఇంటూ గుర్తే.

నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఆ వారమే సేఫ్టీ మీటింగ్ హాజరు పట్టీలో వేలిముద్రలు చూసి మా బాస్ ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఈ రోజుల్లో కూడా సంతకం రానివాళ్ళని ఏజెంట్లు ఎక్కడినుంచి పట్టుకొస్తారని అడిగాడు. అంతకుముందు ఇంకోసారి ఒక కార్మికుడి పేరు పాస్‌పోర్టులో ఒకలా, ట్రైనింగ్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే, తన పేరెలా రాయాలో తనకే తెలియని మనిషిని క్రేన్ కింద ఎలా నిలబెట్టనని విసుక్కున్నాడు. ఆయన ముత్తాత ఇంటిపేరు నాకు దొరికిన కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. రాసుకునేవాడికి ఎలా వినపడితే అలా రాశాడు. అలా కాదు ఇలా రాయమని చెప్పడానికి ఆ మనిషికి చదువే లేదు.

ఇంటూ గుర్తు సంగతి బాస్‌కి చెప్పలేదు. దాచుకుని దాచుకుని ఒక్కసారే చూపిద్దామనుకున్నాను. నాలో అలాంటి చిల్లరబుద్ధి ఉంది.

తర్వాత జనాభా లెక్కలో ఆ కుటుంబం మొత్తం దొరికింది. ఓడలు కట్టే రేవు పక్క సందులో ఒకే గది, దాన్లో మొగుడూ పెళ్ళాం, నలుగురు పిల్లలు. మొగుడి పని ఉండాల్సిన గడిలో 'హోల్డర్ అప్' అని ఉంది. నాకు అర్థం కాక బాస్‌కి ఆ పేజీ చూపించాను. ఆయన మొహం వెలిగిపోయింది. హోల్డర్ అంటే ఆస్తి ఉన్నవాడని, రేవులో వాటా ఉండి ఉంటుందని, 'అప్' అంటే పైస్థాయి అని తేల్చేశాడు. ఒకే గదిలో ఆరుగురు ఎందుకున్నారని నేను అడగలేదు. ఆయనకీ తోచలేదు.

అర్థం చెప్పింది మా రిగ్గింగ్ మేస్త్రి, క్రేన్లకి బరువులు కట్టించేవాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై ఐదు దాటాయి. పాతికేళ్ళుగా ఇక్కడే. మొదట్లో దోహా పాతబస్తీ ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో పదిమందితో ఒక గదిలో ఉండేవాడట, ఇప్పుడు కంపెనీ క్యాంప్. వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ ఆయన్ని దుబాయ్‌లో ఉన్నాడనే అంటారు. వారానికోసారి బరువులెత్తే తాళ్ళ సర్టిఫికెట్లు ఇవ్వడానికి నా గదికి వచ్చేవాడు. నేను ఆయన మాట విని ఇంటికెళ్ళి మా ఆయన దగ్గర అనుకరించి నవ్వించేదాన్ని. 'వచ్చిండు, పోయిండు' అని. అదీ నా సంస్కారం.

ఇక్కడికి రాకముందు రైల్వే కాంట్రాక్టరు కింద పాత వంతెనలు మరమ్మతు చేశానని ఆయన ఒకప్పుడు చెప్పడం గుర్తొచ్చి, ఊరికే అడిగాను, హోల్డర్ అప్ అంటే ఏమైనా తెలుసా అని.

"గిది మా పనే గదమ్మా," అన్నాడు. స్క్రీన్ వైపు వంగాడుగానీ ఇంగ్లీషు చదవలేడు. "ఎర్రగ కాలిన రివెట్టు బొక్కల పెడ్తరు. ఇవతల ఒగడు సుత్తితోని కొడ్తడు. అది ఎన్కకు పోకుంట అవతల దిక్కు ఒగడు బరువైన ఇనుప దిమ్మె ఆనిచ్చి పట్టుకుంటడు. ఆ పట్టుకునేటోడే హోల్డరప్పు. అప్పటి మా రైల్వే సారు గూడ గట్లనే అంటుండె."

అది కష్టమైన పనా అని అడిగాను.

"కొట్టేటోనికి పేరు. పట్టుకునేటోనికి చెవుడు," అన్నాడు. "ప్రతి దెబ్బ వాని రొమ్ముకే తగుల్తది. ఇరుకుల దూరి, బోర్ల పండుకోని పట్టాలె. ఎవలు ఈయన, మన సైటోడా?"

మన బాస్ ముత్తాత అని చెప్పాను. నవ్వుతాడేమోనని చూశాను, నవ్వలేదు. స్క్రీన్ మీద ఆ చేతిరాతని కాసేపు చూసి, "పాపం, గంత దూరం నుంచి గోదారికొచ్చిండా" అన్నాడు. తర్వాత మామూలుగా అడిగాడు, "మీ తాత ఏం జేస్తుండె అమ్మా?"

"రైల్వేలో ఆఫీసర్," అన్నాను.

"మంచిది," అని సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మా తాత ఆఫీసర్ కాదు. ద్వారపూడికీ కడియానికీ మధ్య సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచిన గ్యాంగ్‌మన్. వేసవిలో కంకర వేడికి ఆయన అరికాళ్ళు పగిలి ఉండేవి, నేను చూశాను. మా అమ్మ నా పెళ్ళి మాటల్లో 'మా నాన్నగారు రైల్వేలో ఆఫీసరండీ' అంది. ఆ మాట నేను దిద్దలేదు. తర్వాత దాన్ని సొంతం చేసుకున్నాను. మా అత్తగారి ముందు, అల్ ఘర్రాఫాలో మా పక్క పోర్షన్ డాక్టరుగారి భార్య ముందు, చివరికి ఇంగ్లీషు చదవలేని ఒక మేస్త్రి ముందు కూడా. ఆయన ముందు గొప్ప చెప్పుకుని నాకు ఒరిగేదేమిటో నాకే తెలీదు. నోరు అలవాటు పడిపోయింది, అంతే.

ఆ తర్వాత బాస్‌ని వెక్కిరించుకోవడంలో రుచి తగ్గిందిగానీ, పని ఆపలేదు. మా తమ్ముడు రాజమండ్రిలోనే ఉంటాడు. వాణ్ణి అక్కడ పాత చర్చికి పంపాను. రెండుసార్లు తిప్పించుకుని మూడోసారి అక్కడి పాస్టరుగారు బీరువా తీసి రిజిస్టర్లు చూడనిచ్చారట. వాడు ఫోన్‌తో ఫోటోలు తీసి పంపాడు. చెదలు తిన్న అంచులు, గోధుమరంగు సిరా. దాన్లో బాస్ ముత్తాత ఉన్నాడు. పేరు నాలుగో రకం స్పెల్లింగ్‌తో. వంతెన రివెట్టు పని, కలరాతో మరణం, ఇక్కడే ఖననం. తేదీ చూస్తే, వంతెన పూర్తయ్యాక కూడా ఊరికి పోకుండా దాని మరమ్మతుల్లో ఉండిపోయాడన్నమాట.

ఇంకో పేజీ కూడా ఉంది. చనిపోవడానికి ముందు ఏడాది ఒక ఆడపిల్లకి బాప్తిస్మం. తండ్రి ఈయనే. తల్లి గడిలో ఒక తెలుగు పేరు, ఇంటిపేరు లేదు, కులం లేదు, ఊరు లేదు. పక్కన 'స్థానిక స్త్రీ' అని.

అప్పుడు ఇంగ్లండ్ వైపు మళ్ళీ చూశాను. తర్వాతి జనాభా లెక్కలో పెళ్ళాం బట్టలుతుకుతోంది. తనని వితంతువని రాయించుకుంది. ఆ లెక్క రాసేనాటికి మొగుడు గోదావరి ఒడ్డున బతికే ఉన్నాడు. ఉత్తరాలు ఆగిపోయి పోయాడనుకుందో, తెలిసే పరువు కోసం అలా చెప్పుకుందో. అదే లెక్కలో ఆఖరి కొడుకు ఆమె ఇంట్లో లేడు. దిక్కులేనివాళ్ళని ఉంచి పని చేయించుకునే సర్కారు సత్రాలు అక్కడ ఉండేవి, వర్క్‌హౌస్ అంటారు. పదకొండేళ్ళ ఆ పిల్లాడు దాని జాబితాలో ఉన్నాడు. ఆ పిల్లాడే మా బాస్ వాళ్ళ తాత.

'మా నాన్న ఇండియాలో ఇంజనీరు, పెద్ద నది మీద వంతెన కట్టాడు' అని మొదట చెప్పుకున్నది ఆ పిల్లాడు. వర్క్‌హౌస్‌లో పక్క మంచం పిల్లలతో చెప్పి ఉంటాడు. ఆ అబద్ధం మీద మాత్రం నాకు అసహ్యం కలగలేదు. దాన్ని వందేళ్ళ తర్వాత ఏసీ గదిలో కూర్చుని పుస్తకం వేయించుకునే మనిషి మీదే కలిగింది.

అన్నీ వరసగా నంబర్లు వేసి, ఫైలు కట్టి, ఒక ఆదివారం, ఇక్కడ వారం మొదటి పనిరోజు, బాస్ ముందు పెట్టాను. హోల్డర్ అప్ అంటే ఏమిటో మేస్త్రి చెప్పినట్టే చెప్పాను. ఆయన ఒక్కొక్క పేజీ తిప్పాడు. ఇంటూ గుర్తు దగ్గర ఆగాడు. వర్క్‌హౌస్ జాబితా దగ్గర ఎక్కువసేపు ఆగాడు. బాప్తిస్మం పేజీ దగ్గర ఆగనే లేదు, గబుక్కున తిప్పేశాడు.

"మనిషి తేడా పడినట్టుంది," అన్నాడు చివరికి. "ఇంటిపేరు స్పెల్లింగ్ కలవడం లేదు."

"మన కార్మికుల పేర్లు కూడా కలవవు సార్," అన్నాను. "మనిషి మాత్రం ఒక్కడే. పెళ్ళాం పేరు, పిల్లల పేర్లు, సందు పేరు అన్నీ కలిశాయి."

ఆయన నావైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. సైటులో హెల్మెట్ లేనివాణ్ణి చూసే చూపు. అయినా గొంతు పెంచలేదు. కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు. ఎండకి పనివాళ్ళంతా షెడ్డు నీడలో వరసగా కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. తర్వాత చాలా మర్యాదగా చెప్పాడు. పుస్తకంలో 'వంతెన నిర్మాణపు ఇంజనీరింగ్ విభాగంలో' అని రాయాలి. అది అబద్ధం కాదు కదా. వర్క్‌హౌస్ అక్కర్లేదు, వేసవిలో కలిసే పెద్దవాళ్ళు బాధపడతారు. బాప్తిస్మం పేజీ ఫైల్లోంచి తీసెయ్యాలి.

"ఆ పిల్ల వంశంవాళ్ళు మా ఊళ్ళో ఉండే ఉంటారు," అన్నాను.

"అందుకే," అన్నాడు.

ఆయన్ని తిట్టి లేచి వచ్చానని రాస్తే బాగుండేది. రాలేదు. సరే సార్ అని ఫైలు తీసుకుని వచ్చి, ఆయన చెప్పినట్టే రెండు పేజీలు టైపు చేసి ఇచ్చాను. నా పద్ధతి ప్రకారం అసలు ఫైలు కాపీ నా దగ్గర ఉంచుకున్నాను, అంతవరకే నా ధైర్యం. పది రోజుల్లో నా కాంట్రాక్టు కాగితం సంతకమై వచ్చింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన టీవీ ముందు బీరకాయలు చెక్కు తీస్తుంటే, ఉన్నట్టుండి చెప్పేశాను, మా తాత ఆఫీసర్ కాదు గ్యాంగ్‌మన్ అని. పన్నెండేళ్ళ కాపురంలో నేను చేసిన పెద్ద సాహసం అనుకుంటూ చెప్పాను.

"తెలుసు," అన్నాడు చెక్కు తీస్తూనే.

ఎప్పటినుంచి అని అడిగాను.

"పెళ్ళికి ముందే. మా నాన్న కడియం స్టేషన్లో కనుక్కున్నాడు. ఆయన మంచివాడనే చెప్పారంట."

మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, మీవాళ్ళు అంత ముచ్చటపడి చెప్పుకుంటుంటే ఎందుకులే అనుకున్నాం అన్నాడు. అంటే పన్నెండేళ్ళుగా నేను మా అత్తగారి ముందు ఆఫీసర్ మనవరాలిలా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే, ఆవిడ ఊ కొడుతూ కూర్చుంది. కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

జూన్ మొదట్లో బాస్ రిటైరై వెళ్ళిపోయాడు. వీడ్కోలు రోజున కేకు కోసి, అచ్చయి వచ్చిన పుస్తకాలు నలుగురు మేనేజర్లకి పంచాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. నున్నటి కాగితం, గట్టి అట్ట. అట్ట మీద పెద్ద వంతెన బొమ్మ, కింద ముత్తాత పేరు. అది ఆయన వంతెన కాదు. దాని పక్కనే నేను స్కూల్లో ఉండగా కట్టిన విల్లు కమానుల కొత్త వంతెన. ఇంటర్నెట్‌లో అందంగా కనపడిన బొమ్మ తీసి వేసుకున్నాడు. అందరూ ఆహా అన్నారు. నేనూ అన్నాను. ఇంగ్లండ్‌లో ఆ పుస్తకం అరల్లో ఉన్నంతకాలం ఆ తప్పు వంతెన అలాగే ఉంటుందని తలుచుకుంటే నాకిప్పటికీ తృప్తిగా ఉంటుంది. వెనకపేజీ కృతజ్ఞతల్లో 'స్థానిక సిబ్బందికి' అని ఒక ముక్క ఉంది. దోహాలో నేను స్థానికురాలినట.

మేస్త్రికి ఆ పుస్తకం, అట్ట మీద ముత్తాత పేరు చూపించాను. అట్ట తడిమి, "మనోని పేరు గింత పెద్దగ ఏసిండ్రా, మంచిగున్నది" అన్నాడు. లోపల ఏమి రాశారో చెప్పమన్నాడు. చెప్పాను. "ఇంజనీరా?" అని పుస్తకం తిరిగి నా చేతికిస్తూ, "ఖల్లీ వల్లీ అమ్మా" అన్నాడు. పోనీయమని ఇక్కడందరూ అనే మాట అది. అప్పుడు ఆయనకి మా తాత సంగతి కూడా చెప్పాను. గ్యాంగ్‌మన్ అని. ఆయన ఆశ్చర్యపోలేదు. గ్యాంగ్‌లో ఎంతమంది ఉండేవాళ్ళు, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కి అని వివరాలు అడిగాడు. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివే ఎక్కువ.

ఆగస్టులో ఒక మెయిల్ వచ్చింది, బాస్ కూతురి దగ్గర్నుంచి. ఇంగ్లండ్‌లో నర్సు. వెతికింది నేనేనని తండ్రి ఒకసారి నోరు జారాడట. పుస్తకంలో ముత్తాత ఇండియా వెళ్ళాక ఇంట్లోవాళ్ళు ఏమయ్యారో ఒక్క ముక్క లేదని, తను అడిగితే తండ్రి మాట మార్చాడని రాసింది. ఇంజనీరింగ్ విభాగం అంటే సరిగ్గా ఏం పని అని అడిగింది.

రెండు రోజులు ఆగాను. అప్పటికి నా కాంట్రాక్టు భద్రం, ఆయన సంతకంతో ఇక పనిలేదు. కాబట్టి దీన్ని ధైర్యం అనడానికి నాకు మొహం చెల్లదు. మూడో రోజు ఫైలు మొత్తం పంపాను. ఇంటూ గుర్తు, ఒంటిగది, హోల్డర్ అప్ పనికి మేస్త్రి చెప్పిన అర్థం, బట్టలుతికిన ఆమె, వర్క్‌హౌస్ పిల్లాడు, గోదావరి ఒడ్డు ఆడపిల్ల.

బాస్ దగ్గర్నుంచి వారంలో ఒక వాక్యం వచ్చింది. నా మీద ఆయనకి ఉన్న నమ్మకాన్ని పాడుచేసుకున్నానట. దానికీ ఒక నంబరు వేసి ఫైల్లో పెట్టాను.

కూతురు మాత్రం మళ్ళీ రాసింది. ఆ ఆడపిల్ల తల్లి తెలుగు పేరుని ఎలా పలకాలని అడిగింది. ఫోన్‌లో నా గొంతుతో రికార్డు చేసి పంపాను. ఆవిడ పలికి తిరిగి పంపింది. మొదటిసారి తప్పు, మూడోసారికి ఫరవాలేదు. డిసెంబర్‌లో రాజమండ్రి వస్తానంటోంది. తండ్రిలాగే ఇంకో రకం పుస్తకం వేసుకోవడానికి వస్తోందో, నిజంగానే వస్తోందో నాకు తెలీదు. పేదరికం ఇప్పుడు ఆ దేశంలో గొప్పగా చెప్పుకునే వస్తువయిందేమో కూడా.

మా తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. శ్మశానంలో ముత్తాతని పూడ్చిన భాగమంతా తుమ్మకంప పట్టేసిందట, రాయి ఏదీ కనపడటం లేదట. ఆవిడ వచ్చేలోపు కొట్టించమంటావా అని అడిగాడు. వద్దన్నాను. కంప అలాగే ఉంచు, ఆవిడ వచ్చి చూసుకోనీ అన్నాను.